సగం కుటుంబం మారింది, సగం ఆగింది: ఒక ఆరోగ్య బీమా పోర్టింగ్ కేసు

2025 సెప్టెంబర్ మొదటి వారంలో మురళి మా ఆఫీసుకు వచ్చినప్పుడు ఆయన చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి ఉంది. అందులో ఆస్పత్రి బిల్లు, డిశ్చార్జి సమ్మరీ, బీమా కంపెనీ పంపిన సెటిల్‌మెంట్ ఉత్తరం, వాటి మధ్యలో ఎలా చేరిందో ఒక కరెంటు బిల్లు. కుర్చీ లాక్కునే లోపే, "సార్, మా ఇంట్లో ఆరుగురినీ ఈ కంపెనీ నుంచి బయటకు తీసుకురండి. ఇంకోసారి వాళ్ల గడప తొక్కను" అన్నారు.

నేను పనిచేసేది ఒక చిన్న బ్రోకింగ్ సంస్థలో. బ్రోకరు ఏ కంపెనీ పాలసీ అయినా ఇప్పించవచ్చు, కమీషన్ మాత్రం కంపెనీయే ఇస్తుంది. మురళి పాత పాలసీలు వేరే ఏజెంటు ద్వారా తీసుకున్నవి. కాబట్టి ఆయన మారితే నాకు ఆదాయం, మారకపోతే టీ ఖర్చు. ఈ కేసు చదివేవారు ఆ సంగతి మనసులో పెట్టుకోవాలి. పేర్లు మార్చాను, రాయడానికి కుటుంబం ఒప్పుకుంది.

మురళికి 44 ఏళ్లు, గుంటూరులో ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం. భార్య శైలజకు 40. పాపకు 15, బాబుకు 11. ఈ నలుగురికీ కలిపి 4 లక్షల ఫ్లోటర్ పాలసీ, అంటే ఆ మొత్తాన్ని నలుగురూ పంచుకునేది. 2019 డిసెంబర్ 14న 3 లక్షలతో మొదలుపెట్టి, 2022 డిసెంబర్‌లో ఇంకో లక్ష పెంచుకున్నారు. తెనాలిలో ఉండే తండ్రికి 71, తల్లికి 67. వాళ్లిద్దరికీ అదే కంపెనీలో 2016 నుంచి 5 లక్షల పాలసీ వేరుగా ఉంది.

కోపానికి కారణం ఆగస్టులో శైలజకు జరిగిన పిత్తాశయం ఆపరేషన్. మూడు రోజులు ఆస్పత్రిలో ఉన్నారు. బిల్లు 1,38,400. కంపెనీ ఇచ్చింది 87,333. ఉదయం పది గంటలకు డాక్టరు ఇంటికి వెళ్లవచ్చన్నారు, బయటపడేసరికి రాత్రి ఏడు దాటింది. డిశ్చార్జికి అడిగిన మూడు గంటల్లో కంపెనీ తుది అనుమతి చెప్పాలని 2024 నుంచి నిబంధన ఉంది. అది ఆ రోజు కౌంటరు దగ్గర ఎవరికీ గుర్తు రాలేదు. మురళి జేబులోంచి 51,067 కట్టి, భార్యను ఆటోలో ఇంటికి తీసుకెళ్లారు.

పోర్టింగ్ గురించి, అంటే పాత సంవత్సరాలు పోకుండా వేరే కంపెనీకి మారడం గురించి మాట్లాడే ముందు బిల్లు ముందు వేసుకుని కూర్చున్నాను. ఇది నా అలవాటు. మనిషి కంపెనీ మారాలని వచ్చినప్పుడు, చేదు ఎక్కడ తగిలిందో తెలియకుండా మందు రాస్తే అదే చేదు కొత్త కంపెనీలోనూ తగులుతుంది.

పాలసీలో గది అద్దె రోజుకు బీమా మొత్తంలో ఒక శాతం, అంటే 4,000. వీళ్లు తీసుకున్న గది 6,000. చేర్చుకునేటప్పుడు కౌంటరులో "సింగిల్ రూమా, షేరింగా?" అని అడిగితే శైలజ తమ్ముడు సింగిల్ అన్నాడు. రోజుకు 2,000 ఎక్కువ, మూడు రోజులకు 6,000, పోతే పోయిందిలే అనుకున్నారు. కానీ గది అద్దె పరిమితి దాటితే అద్దెలో తేడా ఒక్కటే పోదు. సర్జన్, మత్తు డాక్టరు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్, విజిట్లు, ఇవన్నీ ఆ నిష్పత్తిలోనే తగ్గుతాయి. గదిని బట్టి డాక్టర్ల ఫీజు మారని ఆస్పత్రుల్లో ఇలా కోయకూడదు, ఈ ఆస్పత్రిలో మాత్రం మారుతుంది. ఇక్కడ ఆ ఖర్చులు 78,000. ఆరింటికి నాలుగు వంతున వచ్చింది 52,000. గది అద్దె 18,000కు 12,000 వచ్చింది. ఆ రెండింటిలోనే 32,000 పోయింది. గ్లోవ్స్, మాస్కుల లాంటి వాటికి 7,400 ఎలాగూ రాదు.

ఇంతవరకు కంపెనీ చేసింది పాలసీలో రాసిందే. కానీ మందులకు 21,000, పరీక్షలకు 14,000 అయితే వాటినీ అదే నిష్పత్తిలో కోశారు. అది తప్పు. మందులు, పరీక్షలు, ఇంప్లాంట్లు ఈ కోతలోకి రాకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020లోనే స్పష్టంగా చెప్పింది. కోత 11,667. ఒక పేజీ ఫిర్యాదు రాసి, ఆ లెక్కను నాలుగు వరుసల్లో పెట్టి, కంపెనీ ఫిర్యాదుల అధికారికి పంపాం. పన్నెండో రోజున డబ్బు ఖాతాలో పడింది, క్షమాపణ మాత్రం రాలేదు. బీమా ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్ దాకా వెళ్లే పని పడలేదు. వెళ్లినా రుసుము లేదు, వకీలు అక్కర్లేదు, మన రెండు రాష్ట్రాల ఫిర్యాదులు చూసే కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది.

ఈ 11,667 తిరిగి వచ్చాక మురళి కోపం సగం దిగింది. మిగిలిన సగాన్ని విడదీసి చూపించాల్సి వచ్చింది. తగ్గిన 51,067లో కంపెనీ తప్పు 11,667. మిగతా 39,400 ఆయన 2019లో సంతకం పెట్టిన కాగితంలో ఉన్నదే. ఇదే పాలసీ రాతతో ఇంకో కంపెనీకి వెళ్తే, అక్కడి మేనేజరు ఎంత మంచివాడైనా ఆ 39,400 పోతుంది. ఇక్కడే ఒక మాట చెప్పాలి. కంపెనీలు ప్రకటనల్లో చూపించే క్లెయిమ్ చెల్లింపు శాతంలో మురళి క్లెయిమ్ కూడా "చెల్లించినది" కిందే లెక్క. కోతలు ఆ సంఖ్యలో కనిపించవు. అందుకే ఎవరైనా 98 శాతం, 99 శాతం అంటూ ఫోను చూపిస్తే నేను పెద్దగా పట్టించుకోను.

దారులు మూడు కనిపించాయి. పాత పాలసీ ఉంచుకుని పైన సూపర్ టాపప్, అంటే బిల్లు ఒక గీత దాటాకే పనిచేసే అదనపు పాలసీ, వేయడం మొదటిది, అన్నిటికంటే చవక. కానీ శైలజ బిల్లు లాంటివి సూపర్ టాపప్ గీత దాకా వెళ్లవు. నష్టం జరిగేది కింది పాలసీలో. కుండ అడుగున చిల్లు ఉంటే పైన మూత మార్చి ఏం లాభం? రెండోది అదే కంపెనీలో గది పరిమితి లేని వేరే పాలసీకి మారడం. దీన్ని మైగ్రేషన్ అంటారు, పాత సంవత్సరాలు పోవు. మూడోది పోర్టింగ్.

మైగ్రేషన్‌ను నేను గట్టిగానే పరిశీలించాను. 10 లక్షలకు 29,800 చెప్పారు. అది ఎందుకు వద్దనుకున్నామంటే ఆస్పత్రుల వల్ల. మురళి కుటుంబం గుంటూరులో రెండు, విజయవాడలో రెండు ఆస్పత్రులు దాటి వెళ్లదు. పెద్ద జబ్బయితే హైదరాబాద్. నేను ఆ నాలుగు ఆస్పత్రుల ఇన్సూరెన్స్ డెస్కులకు స్వయంగా వెళ్లాను. వెబ్‌సైటు జాబితాలో పేరు ఉండటం వేరు, డెస్కులో కూర్చున్న అమ్మాయి ఆ కంపెనీ పేరు వినగానే ముఖం ఎలా పెడుతుందన్నది వేరు. నేను అడిగేది ఒకటే ప్రశ్న: "పోయిన వారం ఎవరి అప్రూవల్ కోసం రోగులు సాయంత్రం దాకా కూర్చున్నారు?" నాలుగు చోట్లలో మూడు చోట్ల మురళి పాత కంపెనీ పేరే వచ్చింది. ఒకచోట ఆ కంపెనీతో ఒప్పందమే ఆగిపోయింది, జాబితాలో మాత్రం ఇంకా ఉంది.

కొత్త కంపెనీల్లో చివరకు రెండు మిగిలాయి. ఒకటి 10 లక్షలకు 22,300 అంది. మురళి కళ్లు మెరిశాయి. పాలసీ నిబంధనల్లో పంతొమ్మిదో పేజీలో జోన్ పట్టిక ఉంది. గుంటూరు చిరునామాతో తక్కువ ప్రీమియం కట్టి, హైదరాబాద్‌లో చికిత్స చేయించుకుంటే బిల్లులో 20 శాతం మనమే భరించాలి. గుండెకో, క్యాన్సర్‌కో మన వైపు నుంచి జనం వెళ్లేది హైదరాబాద్‌కే కదా. 8 లక్షల బిల్లులో 20 శాతం అంటే 1,60,000. ఏడాదికి మిగిలే 5,300 కోసం ఆ భారం నెత్తిన పెట్టుకోలేం. రెండోదాని ప్రీమియం 27,600, గది పరిమితి లేదు, జోన్ కోత లేదు. నాలుగు డెస్కుల్లోనూ పేరు బాగానే ఉంది.

పాత కంపెనీ రెన్యువల్ నోటీసు ఈలోపు వచ్చింది, 21,900. మురళి తండ్రి దాన్ని చూసి, "పోయినేడు 23,364 కట్టాం, తగ్గిందిరా, ఉండిపో" అన్నారట. తగ్గలేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు. పన్ను తీసేసి చూస్తే పోయినేడు అసలు ప్రీమియం 19,800. అది 21,900 అయింది. ఈ సీజన్‌లో చాలా ఇళ్లలో ఈ పొరపాటు చూశాను. పన్ను పోయిన సందట్లో ప్రీమియం పెరిగిన సంగతి ఎవరూ గమనించలేదు.

తర్వాత వచ్చింది అసలు చిక్కు.

పోర్టింగ్ అంటే సిమ్ మార్చినట్టు అనుకుంటారు. కాదు. కొత్త కంపెనీ మళ్లీ ప్రపోజల్ ఫారం ఇస్తుంది, మళ్లీ ఆరోగ్యం అడుగుతుంది, వద్దనే హక్కు దానికి ఉంది. నేను 2019 నాటి ఫారం కాపీ తెమ్మన్నాను. పాలసీ పుస్తకం వెనకే ఉంది, ఎవరూ ఎన్నడూ చూడలేదు. జబ్బుల పట్టికలో పదహారు ప్రశ్నలు. పదహారింటికీ "లేదు" దగ్గర టిక్కులు, ఒకే పెన్నుతో, ఒకే వాలుతో, ఊపిరి తీసుకోకుండా పెట్టినట్టు. కింద మురళి సంతకం. శైలజ 2018 నుంచి థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నారు. అప్పటి ఏజెంటు "అవన్నీ రాస్తే ఇవ్వరు" అని తనే నింపేశాడట.

శైలజ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగారు: "ఇప్పుడు నిజం రాస్తే పాత అబద్ధం బయటపడుతుంది కదండీ?"

బయటపడుతుంది. ఈ ప్రశ్నకు తియ్యగా జవాబు చెప్పే సలహాదారుడిని నమ్మకూడదు. ఉన్న పరిస్థితి ఇది. వరుసగా 60 నెలలు పాలసీ నడిచాక, మోసం అని రుజువు చేస్తే తప్ప కంపెనీ పాత వివరాలు తవ్వి క్లెయిమ్ ఆపడానికి వీల్లేదు. ఇది ఇంతకుముందు ఎనిమిదేళ్లు ఉండేది, 2024 ఏప్రిల్ నుంచి ఐదేళ్లు చేశారు. పోర్ట్ చేసినా ఆ నెలలు కలిసి వస్తాయి. శైలజ విషయంలో మొదటి 3 లక్షలకు ఐదేళ్లు దాటాయి. 2022లో పెంచిన లక్షకు దాటలేదు. అయితే ఇప్పుడు మళ్లీ దాచి కొత్త కంపెనీకి వెళ్తే, ఈసారి తెలిసి చేసిన పని అవుతుంది. నేను ఫారంలో రాసిన వాక్యం: "థైరాయిడ్ లోపం, 2018 నుంచి, రోజుకు 50 మైక్రోగ్రాముల మాత్ర, అదుపులో ఉంది." ఆ వాక్యం కింద శైలజ చేతనే సంతకం పెట్టించాను. కొత్త కంపెనీ దానికి ఒక్క రూపాయి అదనంగా అడగలేదు. ఆరేళ్లుగా దాచినదానికి విలువ సున్నా అని తేలింది.

దెబ్బ మరోవైపు నుంచి తగిలింది. కొత్త కంపెనీ 45 ఏళ్లకు దగ్గరగా ఉన్నారని మురళికి రక్తపరీక్ష పెట్టింది. మూడు నెలల సగటు షుగర్ చూపే హెచ్‌బీఏ1సీ 6.8. ఆయనకు షుగర్ ఉన్నట్టు ఆ రోజే తెలిసింది. నవంబర్ 4న కంపెనీ జవాబు: తీసుకుంటాం, కానీ 15 శాతం లోడింగ్, అంటే అదనపు ప్రీమియం. 27,600 కాస్తా 31,740 అయింది.

మురళి ఫోను చేసి నన్ను బాగానే దులిపారు. "ఉన్నచోటే ఉండి ఉంటే ఎవడూ పరీక్ష చేసేవాడు కాదు కదా సార్." అది నిజమే. పాత కంపెనీ రెన్యువల్ సమయంలో ఆయన ఒక్కరి ఆరోగ్యం చూసి ప్రీమియం పెంచడానికి వీల్లేదు. మారాలని కదిలినందుకే 4,140 అదనం. నేను ఆ రోజు వాదించలేదు. పరీక్ష షుగర్ తెప్పించలేదు, చూపించింది అని చెప్పే సమయం కాదది. రెండు రోజులు ఆగి అంకెలు పంపాను. ఉండిపోతే 21,900, నాలుగు లక్షలు, గది కోతతో. మారితే 31,740, పది లక్షలు, కోత లేకుండా. తేడా 9,840. ఆగస్టులో ఒక్క ఆపరేషన్‌కు గది వల్ల పోయింది 32,000. పాత కంపెనీలోనే పెద్ద పాలసీకి వెళ్దామన్నా ఇప్పుడు షుగర్ సంగతి అక్కడి ఫారంలోనూ రాయక తప్పదు.

నవంబర్ 6న ఒప్పుకున్నారు. ఇదంతా సమయానికి జరిగిందంటే అక్టోబర్ 17నే దరఖాస్తు పెట్టడం వల్ల. వాళ్ల పాలసీ పత్రం ప్రకారం రెన్యువల్‌కు 60 రోజుల కంటే ముందు కాకుండా, 45 రోజులకు తగ్గకుండా అడగాలి. డిసెంబర్ 14 నుంచి వెనక్కి లెక్కిస్తే అక్టోబర్ 15 నుంచి 30 వరకు. పాత కంపెనీ వివరాలు 72 గంటల్లో ఇవ్వాలి, కొత్తది అవి అందాక 5 రోజుల్లో తేల్చాలి. వివరాలు నాలుగో రోజున వచ్చాయి, రక్తపరీక్షకు ఇంకో వారం పట్టింది. మురళి దీపావళి తర్వాత చూద్దామని వాయిదా వేసి ఉంటే కేసు కథ వేరేగా ఉండేది. కొత్త పాలసీ చేతికి వచ్చేదాకా పాతది రద్దు చేయమని ఎవరికీ చెప్పవద్దని రెండుసార్లు హెచ్చరించాను. ఆవేశంలో అదీ చేస్తారు.

తెనాలి పాలసీ సంగతి మిగిలింది. తండ్రికి పదిహేనేళ్లుగా షుగర్, 2021లో స్టెంట్. అప్పుడు ఇదే కంపెనీ 2,10,000 బిల్లులో చాలా భాగం కట్టింది. తల్లికి మోకాళ్ల నొప్పులు, కంట్లో శుక్లం. మురళి పట్టు విడవకపోవడంతో రెండు కంపెనీలను అడిగాను. ఒకటి తండ్రిగారిని తీసుకోలేమని ఒక్క వాక్యంలో రాసింది. రెండోది 71,000 ప్రీమియం, 20 శాతం కో-పే (ప్రతి బిల్లులో మనం భరించే వాటా) అంది. ఇప్పుడున్నది 54,700, కో-పే 10 శాతం.

నేను కదపవద్దన్నాను. తొమ్మిదేళ్లు నిండుతున్న పాలసీ అది. అన్ని వెయిటింగ్ పీరియడ్‌లూ, అంటే కొన్ని జబ్బులకు క్లెయిమ్ రాని మొదటి ఏళ్లు, అయిపోయాయి, క్లెయిములు ఉన్నాయని గానీ వయసు పెరిగిందని గానీ రెన్యువల్ కాదనలేరు. 60 దాటిన వాళ్ల ప్రీమియం ఏడాదిలో 10 శాతానికి మించి పెంచాలంటే ఐఆర్‌డీఏఐని అడగాలని 2025 జనవరిలో ఆదేశం వచ్చింది. ఆ వయసులో అంతకు మించిన భద్రత కొత్త కంపెనీ ఇవ్వదు. గది పరిమితి వాళ్ల పాలసీలోనూ ఉంది, రోజుకు 5,000. ఆ అంకెను పెద్ద అక్షరాలతో రాసి పాలసీ కవరు మీద అంటించి, ఆస్పత్రిలో చేరేటప్పుడు ఇంతకు మించిన గది వద్దని చెప్పమన్నాను. తండ్రికి 70 దాటింది కాబట్టి ఆయుష్మాన్ భారత్ వయ వందన కార్డు కూడా తీయించమన్నాను. 2024 అక్టోబర్ చివర్లో మొదలైన ఆ పథకానికి ఆదాయంతో పని లేదు, ప్రైవేటు పాలసీ ఉన్నా ఇస్తారు, ఏడాదికి 5 లక్షలు. అయితే దాన్ని చూసుకుని పాలసీ వదలవద్దని కూడా చెప్పాను. ఆ కార్డు పథకంలో చేరిన ఆస్పత్రుల్లోనే చెల్లుతుంది, తల్లికి ఇంకా ఆ వయసు రాలేదు.

మురళికి ఇది మింగుడు పడలేదు. అదే కంపెనీకి ఏటా 54,700 కట్టాలా అని. తండ్రే తేల్చేశారు: "నీకు గది డబ్బులు ఇవ్వలేదురా, నాకు గుండె డబ్బులు ఇచ్చారు. నీ కోపం నువ్వు ఉంచుకో, నా పాలసీ నాకు ఉంచు."

డిసెంబర్ 14న కొత్త పాలసీ పత్రం వచ్చింది. చాలామంది ఇక్కడితో ఫైలు మూసేస్తారు. నేను ముందు చూసేది రెండో పేజీలో ఒక చిన్న గడి, మొదటి పాలసీ మొదలైన తేదీ. అక్కడ 14-12-2025 అని ముద్రించి ఉంది. అంటే ఆరేళ్లూ గాల్లో కలిసిపోయినట్టే. ఎవరో కావాలని చేసింది కాదు, పోర్టింగ్ వివరాలు ఒక తెర మీద నుంచి ఇంకో తెర మీదకు రాకపోవడం. కానీ ఏడాది తర్వాత హెర్నియా ఆపరేషన్‌కో ఇంకోదానికో క్లెయిమ్ వస్తే, అక్కడ కూర్చున్న అధికారి చూసేది ఆ గడినే. పాత పాలసీ కాపీలు ఆరూ జతచేసి దిద్దమని రాశాను. ముప్పై రోజుల ఫ్రీ లుక్ గడువు ఉన్నప్పుడే ఇది తేలాలి, నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయగలిగే రోజులు అవే. పదకొండో రోజున సవరణ పత్రం వచ్చింది. మొదటి 3 లక్షలకు 14-12-2019, తర్వాతి లక్షకు 14-12-2022, మిగిలిన 6 లక్షలకు 14-12-2025. మూడు తేదీలూ వేరువేరు వరుసల్లో.

ఆ మూడో వరుస వల్ల ఈ కేసు నా దగ్గర ఇంకా తెరిచే ఉంది. కొత్తగా పెరిగిన 6 లక్షలకు షుగర్ మీద 36 నెలల నిరీక్షణ ఉంది. అప్పటివరకు మురళికి దానికి సంబంధించిన చికిత్స ఏది వచ్చినా 4 లక్షల వరకే ధీమా. ఫైలు అట్ట మీద ఎర్ర పెన్సిల్‌తో 14-12-2028 అని రాసి పెట్టాను. సంక్రాంతికి ముందు మురళి ఫోను చేసి, ఉదయం నడక మొదలుపెట్టానని చెప్పారు. దుకాణం తెరిచే లోపు, రోజూ కాదు, వారానికి నాలుగు రోజులట.